పురుగుమందు ఇంటి గడప దాటి రాకూడదు: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

పురుగుమందు తాగినవారికి ఆసుపత్రిలో జరిగే చికిత్స గురించి గత సంచికలో రాసిన తర్వాత నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆసుపత్రి దాకా రాకముందే ఏం చేయవచ్చో చెప్పమని వాటిలో చాలామంది అడిగారు. అందులో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. రాసినవారి పేర్లు, ఊళ్ల పేర్లు తీసివేసి, ప్రాంతం పేరు మాత్రమే ఉంచాను. ఏ మందు ఎంత విషమో, ఎంత మోతాదుకు ఏమవుతుందో అడిగిన ఉత్తరాలు కూడా ఉన్నాయి. వాటికి ఈ శీర్షికలో జవాబు ఉండదు. కష్టంలో ఉన్న మనిషి కంట పడితే ఆ వివరం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఇది చదువుతున్న మీలో ఎవరికైనా బతకాలని అనిపించకపోతే, మిగతా పేజీ తర్వాత చదవవచ్చు, ముందు 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది మానసిక కష్టంలో ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

ప్రశ్న: మాది దేవరకొండ ప్రాంతం. నాలుగెకరాల్లో పత్తి పెట్టాం. రెండేళ్లుగా అప్పు పెరుగుతూనే ఉంది. మా ఆయన ఈ మధ్య సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు, సాయంత్రమైతే తాగి వస్తున్నారు. వాడగా మిగిలిన పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలి? చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా అని ఆయనను నేరుగా అడగవచ్చా, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందా?

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది చాలా ఇళ్లలో ఉన్న భయమే కానీ, అది నిజం కాదని ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. లోపల ఆ ఆలోచన ఉన్న మనిషికి ఎవరో ఒకరు దాన్ని పేరు పెట్టి అడగడమే పెద్ద ఊరట. ఆయన తాగి ఉన్న సాయంత్రం కాకుండా, పొద్దున చేను దగ్గరో, పిల్లలు బడికి వెళ్లిన తర్వాతో అడగండి. మీ మాటల్లోనే అడగండి: "ఇంత రంధి పెట్టుకుంటున్నవు, బతుకు మీద విరక్తి వస్తున్నదా? చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అవునంటే కోప్పడవద్దు, ఒట్టు వేయించుకోవద్దు, పిల్లల ముఖం చూడమని వెంటనే నోరు మూయించవద్దు. ఆయన చెప్పేది చివరిదాకా వినండి. ఆ రోజు ఆయనను ఒంటరిగా వదలకుండా, అక్కడే కూర్చుని ఇద్దరూ కలిసి 14416కు ఫోన్ చేయండి. తిండి, నిద్ర తగ్గడం, తాగుడు పెరగడం, పదిమందిలోకి రాకపోవడం, ఉన్నట్టుండి అప్పులూ పత్రాలూ ఎవరికో అప్పగించినట్టు మాట్లాడటం వంటివి కలిసి కనిపిస్తున్నాయంటే ఆయనకు చికిత్సతో నయం కాగల జబ్బు ఉండవచ్చు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి.

ఇక డబ్బాల సంగతి. అప్పు ఏళ్ల తరబడి పెరుగుతుంది. అయితే ప్రాణం తీసుకోవాలన్న ఉద్వేగం చాలాసార్లు ఒక గొడవ తర్వాత, ఒక అవమానం తర్వాత, తాగిన మైకంలో ఎగసివచ్చి, కొంతసేపటికి తగ్గిపోతుంది. శ్రీలంకలో విషం తాగి బతికినవారిని అడిగినప్పుడు సగానికి పైగా మంది అరగంట కూడా ఆలోచించలేదని తేలింది. అలా ప్రయత్నించి బతికినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరని వివిధ దేశాల్లో ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు చూపుతున్నాయి. కాబట్టి ఆ కొద్దిసేపు మందు ఎక్కడుందన్నదే ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. బీరువా మీద, మంచం కింద, పశువుల కొట్టంలో చూరుకు వేలాడే సంచిలో ఉండే మందు మనిషికీ ఆ ఉద్వేగానికీ మధ్య ఎడం లేకుండా చేస్తుంది.

ఇంట్లోనే తాళం పెట్టెలో పెడితే సరిపోదా అని మీరు అనుకోవచ్చు. శ్రీలంకలోని అనురాధపుర జిల్లాలో 180 గ్రామాలను తీసుకుని, సగం గ్రామాల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు పంచి చూశారు. 2017లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పెట్టెలు ఇచ్చిన గ్రామాల్లోనూ, ఇవ్వని గ్రామాల్లోనూ విషం తాగిన కేసుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా అభిప్రాయంలో కారణం సులభమే: పెట్టె ఇంట్లోనే ఉంది, తాళంచెవి ఇంటివాళ్ల దగ్గరే ఉంది, పని ఒత్తిడిలో పెట్టెకు తాళం వేయడమూ మరిచిపోతారు. తమిళనాడులోని కడలూరు జిల్లాలో మరో పద్ధతి పెట్టి చూశారు. ఊరికి ఒక ఉమ్మడి గది కట్టి, ఒక్కో రైతుకు ఒక్కో అర ఇచ్చి, బ్యాంకు లాకరులాగా ఒక తాళంచెవి రైతు దగ్గర, మరొకటి గది చూసే మనిషి దగ్గర ఉంచారు. మందు కావాలంటే ఇద్దరూ కలవాలి. ఆ గ్రామాల సంఖ్య తక్కువే అయినా ఫలితం ఆశాజనకంగా వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది, పెట్టెకు తాళం ఉండటం కన్నా మందు ఇంట్లో లేకపోవడం ముఖ్యమని.

మీ ఊళ్లో ఆ గది లేదు. కాబట్టి ఈ వారంలోనే మీరు చేయగలిగినవి చెబుతాను. మిగిలిన డబ్బాలను చెలకలో వాడేదుంటే వాడేయించండి, లేకపోతే మీ బావగారి ఇంట్లోనో, నమ్మకమైన మరొకరి దగ్గరో తాళం కింద పెట్టించండి. ఆ ఇంట్లోనూ ఇటువంటి రంధిలో ఉన్నవారు లేకుండా చూసుకోండి. దాచిపెట్టి అబద్ధమాడితే గొడవ అవుతుంది. చిన్నపిల్లలున్న ఇల్లు, వాసనకు తట్టుకోలేకపోతున్నానని చెప్పి ఆయన ముందే తీయించండి. ఆయన మనసు బాగుపడేదాకా మందు కొట్టే పని మరొకరికి అప్పగించగలిగితే ఇంకా మంచిది. ఇకమీదట ఒక్క పిచికారీకి సరిపడా మాత్రమే కొనండి. ఉద్దెర మీద వస్తోందని వానాకాలం మొత్తానికీ ఒకేసారి తెచ్చి పెట్టుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. అప్పు పెరగడానికీ అదొక కారణమే. మందును నీళ్ల సీసాల్లోకి, కూల్‌డ్రింక్ సీసాల్లోకి ఎన్నడూ వంచవద్దు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను పంపు ట్యాంకులోనే పోసి, డబ్బాకు పొడిచి చిల్లులు పెట్టండి.

ప్రశ్న: హాలియా దగ్గర ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. అడిగినవాడికి అమ్మడమే నా వృత్తి. ఎవరి మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? అనుమానం వస్తే ఏం చేయాలి?

జవాబు: మనసు చదవమని ఎవరూ అడగరు. మీకు తెలిసిన వ్యవసాయమే ఇక్కడ పనికొస్తుంది. రైతు మందుకు వస్తే ఏ పంట, ఏ పురుగు, ఎన్నెకరాలు అని మీరు ఎలాగూ అడుగుతారు. వాటికి జవాబు లేని మనిషి, కాలం కాని కాలంలో అడిగే మనిషి, పంట పేరు చెప్పకుండా చిన్న సీసా చాలనే మనిషి, తాగి వచ్చిన లేదా కళ్లు ఎర్రబడ్డ మనిషి, ఎన్నడూ మందుకు రాని ఆడపిల్ల లేదా పిల్లవాడు వచ్చినప్పుడు ఆగండి. "స్టాకు లేదు, రేపు పొద్దున రా" అనడం తప్పు కాదు. అయితే అంతటితో పంపించివేస్తే పక్క దుకాణానికి వెళ్లవచ్చు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించండి, ఎవరి తాలూకనో అడగండి, ఇంట్లో వారికి ఫోన్ కలపండి. మీ చుట్టుపక్కల డీలర్లందరూ ఒక వాట్సాప్ గ్రూపులో ఉండే ఉంటారు. మనిషి పేరు బయట పెట్టకుండానే, ఈ పూట పంట చెప్పనివారికి అమ్మవద్దని ఒక్క మాట అందులో వేయవచ్చు.

సరుకును గిరాకీ చేతికి అందేలా ముందు వరుసలో పేర్చవద్దు, కౌంటరు వెనుక ఉంచండి. డబ్బా మీద అత్యంత విషమని తెలిపే ఎరుపు త్రికోణం గుర్తున్న మందు అడిగినవారికి, అదే పురుగుకు పనిచేసే తక్కువ విషమున్న మందు ఉంటే దాన్ని చూపించండి. ఆకుపచ్చ త్రికోణమున్నది తాగినా ప్రమాదం లేదని మాత్రం ఎవరితోనూ అనవద్దు. అది నిజం కాదు.

ప్రశ్న: నేను కల్వకుర్తి నుంచి హైదరాబాద్ వచ్చి డిగ్రీ చదువుతున్నాను. ప్రమాదకరమైన మందులను నిషేధించాలని మీరు రాశారు. నిషేధిస్తే దిగుబడి పడిపోదా? చనిపోవాలనుకున్నవాడు మరో దారి వెతుక్కోడా?

జవాబు: ఈ రెండు అనుమానాలూ న్యాయమైనవే. వీటికి జవాబు మన పక్కనే ఉన్న శ్రీలంకలో ఉంది. 1995లో ఆ దేశంలో లక్ష జనాభాకు ఏడాదికి 57 ఆత్మహత్యలు జరిగేవి. అది ప్రపంచంలోనే అత్యధిక రేట్లలో ఒకటి. వారు 1984లోనే కొన్ని మందులను ఆపారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమని వర్గీకరించిన మిగతా వాటిని, 1998లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును, 2008 నుంచి 2011 మధ్య మరో మూడింటిని ఆపుతూ వచ్చారు. 2015 నాటికి ఆ రేటు 17కు దిగింది. ఆ ఇరవై ఏళ్లలో సుమారు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. వరి దిగుబడిలో ఆ నిషేధాల వల్ల తగ్గుదల ఏదీ కనిపించలేదు. 2021లో రసాయన ఎరువులు, మందుల దిగుమతిని అక్కడ ఒక్కసారిగా ఆపివేసి పంట నష్టపోయిన ఉదంతం మీరు చదివే ఉంటారు. రెండింటినీ కలపవద్దు. అది ప్రత్యామ్నాయం చూపకుండా అన్నింటినీ ఒకేసారి ఆపిన నిర్ణయం. ముందు చెప్పినది, ఒక్కో మందు బదులు మరొకటి చూపిస్తూ, ఏళ్ల తరబడి జాగ్రత్తగా చేసిన పని.

రెండో అనుమానానికి జవాబు కూడా ఆ లెక్కలోనే ఉంది. కొందరు వేరే దారి వెతుక్కున్నా, మొత్తం ఆత్మహత్య మరణాలే మూడో వంతు కన్నా కిందికి వచ్చాయి. విషం తాగే ప్రయత్నాలు అంతగా తగ్గకపోయినా, చేతిలో ఉన్న మందు తక్కువ ప్రమాదకరమైనదైతే ఆ మనిషి ఆసుపత్రికి చేరతాడు, చికిత్సకు సమయం దొరుకుతుంది, ఇంటికి తిరిగి వెళ్తాడు. మన దగ్గర పరిస్థితుల్లో ఇది చాలా పెద్ద మాట. తండా నుంచి వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి గంటల ప్రయాణం ఉన్నచోట డాక్టర్ నైపుణ్యం కన్నా డబ్బాలో ఏముందన్నదే ఎక్కువగా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. దక్షిణ కొరియా, బంగ్లాదేశ్ కూడా నిషేధాల తర్వాత ఇటువంటి తగ్గుదలనే చూశాయి.

మన దేశంలో 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. అదే ఏడాది కేరళ ప్రభుత్వం మరికొన్ని మందుల అమ్మకాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో కేంద్రం 18 మందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందులో కొన్నింటికి 2020 చివరిదాకా గడువు ఇచ్చారు. ఇంకా ఆపవలసినవి ఉన్నాయి. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టంలో 27వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక మందును 60 రోజులు, అవసరమైతే మరో 30 రోజులు మాత్రమే ఆపగలదు. శాశ్వత నిర్ణయం కేంద్రానిదే. ప్రజారోగ్యం కోసం రాష్ట్రం అడిగినప్పుడు ఆ గడువును పెంచుకునే అధికారం దానికి ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రపంచంలో ఏటా జరిగే ఏడు లక్షలకు పైగా ఆత్మహత్యల్లో ఏడింట ఒకటి నుంచి ఐదింట ఒకటి దాకా పురుగుమందుల వల్లేనని అంచనాలున్నాయి. చట్టంలో ఒక్క మార్పుతో ఇన్ని ప్రాణాలు నిలబెట్టగల అవకాశం ప్రజారోగ్యంలో అరుదుగా దొరుకుతుంది.

ప్రశ్న: మా ఊరు అచ్చంపేట దగ్గర. ఎవరైనా మందు తాగితే ఉప్పునీళ్లో, సబ్బునీళ్లో తాగించి కక్కిస్తారు. అది మంచిదేనా? పోలీసు కేసవుతుందని కొందరు ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకుతున్నారు.

జవాబు: మంచిది కాదు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చింతపండు రసం, పేడనీళ్లు, పాలు, ఏవీ తాగించవద్దు. వేళ్లు పెట్టి కక్కించవద్దు. చాలా మందుల్లో కిరోసిన్ వంటి ద్రావకం కలిసి ఉంటుంది. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే మందు చేసే హానికి అదొక హాని తోడవుతుంది. స్పృహ తగ్గుతున్న మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరి గొట్టంలోకే పోతుంది.

వెంటనే 108కు ఫోన్ చేయండి. మందు పడిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలి. మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లోని నురగ, వాంతి బయటికి కారిపోయేలా తల కొద్దిగా వంచండి. డబ్బాను పారేయకుండా, లేబుల్ చిరగకుండా, సంచిలో వేసి వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే మాకు విలువైన సమయం మిగులుతుంది. డబ్బా తీసుకురావడం కుదరకపోతే సెల్‌ఫోనులో లేబుల్ ఫోటో తీసుకోండి. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటూ ఆగవద్దు. వాంతయ్యాక మనిషి లేచి కూర్చుని బాగానే మాట్లాడుతున్నాడని ఇంటికి తీసుకెళ్లిపోవద్దు. కొన్ని మందుల ప్రభావం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచండి.

కేసు సంగతి. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు. అంటే రికార్డు రాసి పోలీసులకు సమాచారం ఇస్తారు, అంతమాత్రాన శిక్ష పడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అటువంటివారికి వైద్యం, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యత అని కూడా ఆ సెక్షనే చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ లేదు. భయపడి ఒక గంట ఆలస్యం చేయవద్దని మీ ఊళ్లో అందరికీ చెప్పండి.

ప్రశ్న: నారాయణపేట జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. డ్రోన్లు, యాప్‌లు వచ్చాయి కదా, ఈ సమస్యలో సాంకేతికత ఏమైనా సాయపడుతుందా?

జవాబు: సాయపడుతుంది, అయితే యాప్ కన్నా డ్రోన్ మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వడానికి ఉద్దేశించినది. దీన్ని పిచికారీ ఖర్చు తగ్గించే పనిముట్టుగానే చూస్తున్నారు. సంఘమే మందు కొని, చేను దగ్గరే కలిపి, కొట్టి, మిగిలింది వెనక్కి తీసుకుపోతే రైతు ఇంటికి ఒక్క సీసా కూడా చేరదు. మీ క్లస్టరులో ఒక్క సంఘంతోనైనా ఈ ఒప్పందం మీద పని చేయించి చూడండి. ఎరువుల అమ్మకానికి దుకాణాల్లో అమ్మకాన్ని నమోదు చేసే పాస్ (పీఓఎస్) యంత్రాలు వచ్చి ఏళ్లయింది. అధిక విషమున్న మందుల అమ్మకాన్నీ పంట వివరంతో సహా అలాగే నమోదు చేస్తే, ఎక్కడ ఏది ఎక్కువగా పోతోందో వైద్య శాఖకూ తెలుస్తుంది.

మీ రైతు వేదికలో పత్తి మీద సమావేశం పెట్టినప్పుడు లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయం, పసుపు జిగురు అట్టలు, చేను గట్టున ఎర పంటగా ఆముదం, బంతి గురించి మీరు చెబుతూనే ఉంటారు. వాటిని కేవలం ఖర్చు తగ్గించే మార్గాలుగా కాక, ఇంట్లో విషం లేకుండా చేసే మార్గాలుగా కూడా చెప్పండి. ఆ సమావేశాలకు మీ మండల పీహెచ్‌సీ డాక్టరును ఒక్కసారి పిలవండి. నా అనుభవంలో ఈ రెండు శాఖలూ ఒకే ఊళ్లో పనిచేస్తాయి కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తక్కువ.

ప్రశ్న: మా తమ్ముడు రెండు నెలల క్రితం మందు తాగి, దేవుని దయవల్ల బతికి మహబూబ్‌నగర్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తడం లేదు. అలా వదిలేయడమే మంచిదా?

జవాబు: వదిలేయవద్దు. బతికి ఇంటికి వచ్చిన తర్వాత మొదటి నెలలు జాగ్రత్తగా చూసుకోవలసిన కాలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన చెన్నైతో సహా ఐదు దేశాల్లో, ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన 1,867 మందితో ఒక అధ్యయనం చేసింది. 2008లో దాని ఫలితాలు ప్రచురించారు. సగంమందికి మామూలు చికిత్స ఇచ్చి పంపారు. మిగతా సగంమందితో ఆసుపత్రిలో గంటసేపు కూర్చుని మాట్లాడి, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికి వెళ్లో ఎలా ఉన్నారని పలకరించారు. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే మొదటి వర్గంలో 18 మంది ఆత్మహత్యతో చనిపోయారు, పలకరింపు అందిన వర్గంలో ఇద్దరు. అందులో ఖరీదైన వైద్యం ఏదీ లేదు, మా చేతుల్లో ఉన్న ఏ ఔషధానికీ ఇంత తేడా చూపే శక్తి నేను చూడలేదు.

మీరు కూడా అదే చేయవచ్చు. ఆ అధ్యయనంలో ఇంటికి వచ్చాక 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపైన 4, 6, 12, 18 నెలలకు పలకరించారు. మీ తమ్ముడికి రెండు నెలలు నిండాయి కాబట్టి 11వ వారం దగ్గర పడింది. మిగిలిన తేదీలను ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టండి. మీ ఊరి ఆశా కార్యకర్తకూ చెప్పి, ఆమెనూ ఒకటి రెండుసార్లు రమ్మనండి. "ఆ రోజు ఏమైంది" అని గుచ్చి అడగక్కరలేదు. "నిద్ర పడుతున్నదా, మందులు వేసుకుంటున్నవా, ఆ ఆలోచన మళ్లీ వచ్చిందా" అని అడిగితే చాలు. వచ్చిందంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు ఉంటే ఇవాళే తీయించండి. పాలమూరు నుంచి పుణె, ముంబయి పనులకు వెళ్లేవారు చాలామంది. మీ తమ్ముడూ యాసంగి తర్వాత వలస వెళ్లేవాడైతే, అక్కడ ఒకే గదిలో ఉండే మనవాడెవరికైనా విషయం చెప్పి, అతని ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. రాసుకున్న తేదీల్లో తమ్ముడికి ఫోన్ చేసిన తర్వాత, అతనికి కూడా చేయండి.